కీ దొరికిందన్నావు

ఇర్వింగ్,
ఆగస్టు, 1984.

నా బంగారు తల్లి నవోమికి,

ప్రభువు చల్లని నీడలో ఉండాలని అమ్మ దీవించి రాసేది. మేమంతా దేవుని దయవల్ల కులాసా. నువ్వక్కడ వేళకు తింటున్నావో లేదో.

మోకాళ్ళ సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడే నొప్పి. మీనాకి దగ్గు తగ్గింది గానీ జడ వేయించుకోదు. అల్లుడు హైవే ఎక్కితే తిరిగొచ్చేదాకా నా ప్రాణం కుదుటపడదు. "బహామాస్ ఎలా ఉందని అడగవేం?" అని రాశావు. ఇప్పుడు అడుగుతాను.

వెళ్ళిన కొత్తలో ఫోన్ చేసి, "ఫ్లోరిడా పక్క దేశమేనమ్మా. కీ దొరికింది! క్లినిక్ పక్కనే ఇల్లు, అందరం ఉండొచ్చు" అన్నావు. సొంత ఇంటి తాళంచెవి చేతికొచ్చిందనుకున్నాను. ఆదివారం మన తెలుగు సంఘం ఆరాధనలో లేచి నిలబడి, దేవుడు ఇల్లిచ్చాడని స్తోత్రం చెల్లించి సాక్ష్యం చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. అల్లుడు మాత్రం తల దించుకున్నాడు.

మొన్న మీనా పటం తెచ్చింది. "అమ్మమ్మా, కీ అంటే తాళం కాదు! చిన్న ఐలాండ్. ఈ కంట్రీ అంతా ఐలాండ్సే. మామ్ క్లినిక్ ఇక్కడ." నీలం మధ్య బియ్యపు నూకంత చుక్క.

"లంకా? చుట్టూ నీళ్ళేనా?"

"యా, ఆల్ అరౌండ్!" అని చప్పట్లు కొట్టింది.

అల్లుణ్ణి నిలదీశాను. "నవోమియే చెప్పొద్దంది అత్తయ్యా. మీరు తాళం అనుకుంటున్నారని నేను చెబితే నవ్వి, అలాగే అనుకోనీ అంది. అక్కడ ఉప్పెనలు రావండీ."

"ఆ మాట సముద్రం నీకు రాసిచ్చిందా నాయనా?"

నవ్వావా అమ్మా? దివిసీమ ఉప్పెనలో మీ నాన్ననీ తమ్ముణ్ణీ నీళ్ళు లాక్కుపోతుంటే తుమ్మచెట్టు పట్టుకుని చూసినదాన్ని. సముద్రం కనపడని ఊళ్ళో పెట్టుకుంటానని బైబిలు మీద చెయ్యేసి ఈ ఇర్వింగ్‌కి తీసుకొచ్చావు. ఉద్యోగం కోసం తప్పలేదంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నా నోటితోనే ఆ లంకకి స్తోత్రం చెప్పించావే!

ఒకటి దాచాను. అల్లుడు చెప్పేలోగా నేనే చెప్పాలి. ఈ ఉత్తరం మీ ఇంట్లో కూర్చుని రాయడం లేదు. సంఘంలోని దెబోరమ్మగారు తమ ఇంట్లో గది ఇచ్చారు. వాళ్ళ పిల్లల్ని చూసుకుంటూ ఇక్కడే ఉంటాను. మీనాని తీసుకెళ్తావు, తల్లివి, ఆపలేను. ముందు ఈత నేర్పించు. అందాకా దాన్ని ఒడ్డుకి పంపకు.

నాకు టిక్కెట్టు కొనకు. ఫోన్ కూడా చెయ్యకు తల్లీ. నీ గొంతు వింటే మళ్ళీ నమ్మేస్తాను.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
రూతమ్మ