భారతి మోకాలు

బెంగళూరు,
ఆదివారం.

అక్కా,

నీకూ బావకూ నమస్కారం. బావకు షుగరు అదుపులో ఉందా? అమ్మ దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దు. ఫోనులో చెప్పాలని మూడుసార్లు మొదలుపెట్టి, పక్కన అమ్మ గొంతు వినపడగానే ఏవో మాటలు చెప్పి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. ఇది నువ్వొక్కదానివే చదువుకో.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. మన ఆళ్లగడ్డలో గంటలో ఆరే బట్ట ఇక్కడ మూడు రోజులైనా తడివాసన వదలదు. మెస్సులో సాంబారులో బెల్లం వేస్తారు. మొదట్లో తినలేకపోయాను, ఇప్పుడు అలవాటైంది. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చెనక్కాయల పొడి, నాలుగు జొన్నరొట్టెలు పంపు.

సాయంత్రాలు ఒక పెద్ద అపార్టుమెంటులో చిన్నపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. రబ్బరు పరిచిన కోర్టు, పడినా దెబ్బ తగలదు. వానొస్తే క్లాసు ఉండదు, గదిలోనే కూర్చుంటాను. కొన్ని రోజులు ఎవరితోనూ ఒక్క మాటా ఉండదు. అయినా బాగానే ఉన్నాను.

అసలు సంగతి, పోయిన వారం భారతి వచ్చింది. నీకు కొంత తెలుసు గానీ, మొదటి నుంచి రాస్తేనే నాకు ధైర్యం వస్తుంది.

నంద్యాల కాలేజీలో నేను కోచ్‌గా చేరినప్పుడు పగుళ్లిచ్చిన సిమెంటు నేల, ఒకే ఒక్క బోర్డు. గీతలు నేనే సున్నంతో గీసేదాన్ని. పల్లెలకు పోయి పిల్లల్ని పంపమని అడిగితే, "ఆడపిల్లలు నిక్కర్లేసుకొని ఎగిరేదేందీ మేడమ్?" అనేవాళ్లు. ప్యాంట్లే వేయిస్తానని ఒప్పించాను. మూడో ఏడు కప్పు కొట్టాం. ఆ మరుసటేడూ కొట్టాం. బస్టాండు దగ్గర నా ఫొటోతో బ్యానరు కట్టారు. సభల్లో ప్రిన్సిపాలు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆ తర్వాత ఓడిపోవడం నాకు చేతకాలేదు అక్కా.

భారతిది శిరివెళ్ల దగ్గర పల్లె. వాళ్ల నాయన సుబ్బన్న పొలం పని వదిలి వచ్చి, పిల్లను హాస్టల్లో దింపుతూ, "మీ చేతిలో పెడతాండా మేడమ్. మా ఇంట్లో ఆడోళ్లు నోరెత్తరు. ఈ పిల్లన్నా తన మాట తాను చెప్పుకునేది నేర్చుకోవల్ల" అన్నాడు.

సెమీఫైనల్‌కు పది రోజుల ముందు భారతి మోకాలు వాచింది. తనే డాక్టరు దగ్గరికి పోయి, నెలరోజులు ఆడొద్దని రాసిన చీటీ తెచ్చి నాకిచ్చింది. నేను దాన్ని మడిచి నా సంచిలో పెట్టుకున్నాను. "చిన్న నొప్పే, పట్టీ వేసుకుని ఆడు. నువ్వు లేకుంటే మనం లేం" అన్నాను. "సరే మేడమ్" అంది.

సెమీఫైనల్ చివరి నిమిషంలో బంతి వేయడానికి ఎగిరి, ఆ కాలి మీదే దిగింది. బంతి బుట్టలో పడింది, రెండు పాయింట్లతో గెలిచాం. పిల్లలతో పాటు నేనూ ఎగిరాను. తను లేవలేదని చూసింది ఆ తర్వాతే. ముందు ఎగిరాను అక్కా, ఆ తర్వాత చూశాను.

ఆసుపత్రిలో అందరూ అడిగితే, "నాకే ఆడాలనిపిచ్చింది. నొప్పి సంగతి మేడమ్‌కు చెప్పలే" అంది. నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను. కాలికి కట్టు కట్టించి సుబ్బన్న ఇంటికి తీసుకుపోయాడు.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. మరుసటేడు ఏడుగురొచ్చారు, ఆ పై ఏడు నలుగురే. నలుగురితో జట్టు కట్టలేం. ఉన్నవాళ్ల మీద అరిచేదాన్ని. ఒక పిల్ల ఏడుస్తూ వెళ్లి మళ్లీ రాలేదు. చివరికి నన్ను తీసేశారు. ఇప్పుడు ఆ కోర్టులో కాలేజీ బస్సులు నిలుపుతున్నారట. బెంగళూరులో మంచి అవకాశం వచ్చిందని మీకు చెప్పింది అబద్ధం.

పోయిన వారం సుబ్బన్న ఆ పిల్లను ఇక్కడి పెద్దాసుపత్రికి తెచ్చాడు. రెండు రోజులు నా గదిలోనే ఉన్నారు. భారతి గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. వచ్చీ రాగానే ఉగ్గాని చేసి పెట్టింది. చాలా నాళ్లకు కడుపునిండా తిన్నాను. మరునాడు పెద్ద డాక్టరు చూసి, తెగిన లిగమెంటును అలాగే వదిలేయడంతో కీలు అరిగిపోయిందనీ, ఆపరేషన్ చేసినా మామూలు నడక రాదనీ చెప్పాడు.

భారతి బెంచీ మీద కూర్చునుంది. సుబ్బన్న నా దగ్గరికొచ్చాడు. "ఆటకు ముందు ఒక్క డాక్టరన్నా చూసింటే ఆడొద్దని చెప్పేటోడు గదా మేడమ్?"

ఇంక దాచడం నా వల్ల కాలేదు. "చూసినాడు సుబ్బన్నా. ఆడొద్దనే రాసినాడు. ఆ చీటీ నేనే దాచిపెట్టినా" అన్నాను.

ఆయన అరవలేదు. "పాపకు తెలుసునా?" అన్నాడు.

"తెలుసు. నన్ను కాపాడనీకి అబద్ధం చెప్పింది."

కూతురి వైపు చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు.

బెంచీ మీది నుంచి అంతా విన్న భారతి అడిగింది. "ఎందుకు చెప్పినారు మేడమ్?"

"ఇంక మోయలేక చెప్పినా పాపా."

"మీరు మోయలేక చెప్పినారు. మరి నా సంగతేంది? నా అంతట నేనే ఆడి గెలిపిచ్చినానని ఊర్లో చెప్పుకుంటాండా. కాలు పోయినా నాకు అదొకటి ఉన్నింది. ఇప్పుడు మా నాయన కండ్లకు నేను మీరు చెప్తే తలూపిన పిల్లనే."

గదికొచ్చి సంచులు సర్దుకున్నారు. తను పడుకున్న దుప్పటి మడిచి పెట్టింది. బస్సు దాకా వస్తానంటే వద్దంది. అప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు. ఆ పిల్ల నా తప్పును కూడా తన గెలుపుగా చేసుకుని బతుకుతోందని నాకు తట్టనే లేదు అక్కా. నిజం చెప్పి, మిగిలినది కూడా లాగేసుకున్నాను.

ఒక్క పని చెయ్యి. వీలు చూసుకుని బస్సెక్కి ఒకసారి వాళ్ల పల్లెకు వెళ్లిరా. సుబ్బన్న ఆ పిల్లతో మాట్లాడుతున్నాడో లేదో చూడు, అంతే. నా తరఫున క్షమించమని అడగొద్దు. అదీ నా కోసం అడిగినట్టే అవుతుంది.

అమ్మ పాదాలకు దండాలు. మీ అత్తమ్మకు, ఇంట్లో పెద్దలందరికీ నమస్కారాలు చెప్పు. దీవించమని అడగడానికి ఈసారి నోరు రావడం లేదు. అమ్మ అడక్కపోయినా దీవిస్తుంది, దీవించనీ. వీధిలో ఎవరైనా అడిగితే బెంగళూరులో పిల్లల్ని ఆడిస్తోందని చెప్పు. కోచ్ అని మాత్రం అనొద్దు.

నీ చెల్లెలు,
సరళ