నువ్వు తాగలేదంట మామా

మామా, నువ్వు పోయి ఏడాదైంది. పక్కింటి కోడలితో ఇది రాయిస్తున్నాను. ఆపరేషన్‌లో పేగు కోసినాక నెలల తరబడి నీకు నరంలోకే తిండి ఎక్కించారు. కాలేయానికి కొవ్వు పట్టిందని డాక్టరమ్మ చెప్పగానే, బెంగళూరు కూలికి పోయినప్పుడు నాకు తెలీకుండా తాగావనుకున్నాను. నువ్వు ఒట్టేసినా కట్టుకున్నదాన్ని నేనే నమ్మలేదు. చివరి మూడు రోజులూ నీతో మాట్లాడలేదు.

ఈరోజు కర్నూలు ఆసుపత్రికి పోయి, నువ్వు నిజంగా తాగావా అని ఆ డాక్టరమ్మను నిలదీశాను.

"తాగుడు కాదవ్వా. తిండి శానా దినాలు నరంలోనే పోతే కాలేయానికి కొవ్వు పడతాది. ఒంట్లో పుట్టే నైట్రిక్ ఆక్సైడనే గాలికీ దానికీ ఏం లంకె ఉండాదో పెద్ద డాక్టర్లు ఇంకా చూస్తాండారు."

"ఆ మాట అప్పుడే చెప్పింటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"చెప్తాంటే నువ్వే కసిరి బయటికి పోతివి కదవ్వా!"

నిజమే. ఊరికొచ్చి ఇంటింటికీ తిరిగి నువ్వు తాగలేదని చెప్పాను. ఇంటికొచ్చాక ఆ మాట చెప్పుకోవడానికి నువ్వు లేవు.