కింది చెక్కలోని ఎనిమిది ఆలివ్ చెట్లు

ప్లోమారి,
మే 9

అన్నయ్య ఇగ్నాతీస్‌కు,

చెల్లెలు మిర్సీని ప్రేమతో రాసేది. ఇక్కడ అమ్మా, నేనూ, మేకలూ కులాసాగానే ఉన్నాం. ఓడలో నీ నడుమునొప్పి ఎలా ఉందో రాయలేదేమని అమ్మ అడుగుతోంది. నువ్వు పంపిన శాలువా కప్పుకుని, "నేను ముసలిదాన్నయ్యానని వాడికీ తెలిసిపోయిందన్నమాట" అని రోజంతా దెప్పింది. శాలువా మాత్రం తీయలేదు.

నీ ఆలివ్ చెట్ల సంగతి. వసంతంలో ముదురాకులు రాలడం మామూలే కదా అని రాశావు. అంతే అయితే నిన్ను కంగారు పెట్టేదాన్ని కాదు. పొలంలో పై చెక్కలో ఆకుల నిండా నెమలికన్నుల్లాంటి గుండ్రటి మచ్చలు. తేమకు పట్టే తెగులది. రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టాను. గాలి ఆడేలా గుబురు కొమ్మలు తీయించి, మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టించాను. మళ్ళీ వానలు మొదలవక ముందే ఇంకోసారి కొట్టించాలి. అవి తేరుకున్నాయి.

కింది చెక్కలో ఎనిమిదింటి తీరు వేరు. ఒక్క మచ్చ లేదు. లేతాకులు కూడా పాలిపోయి, ముట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చేవి. మార్చిలో వారం ఎండ కాయగానే దాహమేమోనని బిందెలతో నీళ్ళు మోశాను. ఇంకా రాలాయి.

ఇక్కడినుంచి నీకు కోపం వస్తుంది. అయినా చదువు. చిన్నన్నయ్య స్త్రాతీస్‌ను పిలిచాను.

నాన్న పోయి పొలం పంచుకున్నప్పటినుంచీ, ఏడేళ్ళుగా, మీ ఇద్దరికీ మాటల్లేవని తెలిసే పిలిచాను. స్త్రాతీస్ గునపంతో వచ్చి, ఒక చెట్టు పక్కన మోకాలి లోతు తవ్వాడు. గుంటలో నీళ్ళు ఊరాయి. వేళ్ళు నల్లబడి కుళ్ళు వాసన కొట్టాయి.

"మునిగిపోతున్నవాడికి మంచినీళ్ళు పోశావటే?" అన్నాడు.

"వెక్కిరించడానికొచ్చావా, ఉపాయం చెప్పడానికొచ్చావా?"

"రెండింటికీను. ఇక్కడి వాననీళ్ళు ఇదివరకు నా పొలంలోంచి వాగులోకి పోయేవి. రెండు పొలాల మధ్య అన్నయ్య కట్టిన అడ్డుగోడ ఆపేసింది."

"తెలిసీ చెప్పలేదేం?"

"నేను చెబితే ఇంకో మూరెడు లేపేవాడు."

అన్నయ్యా, ఆ గోడ నేను పగలగొట్టాను. మూడు చోట్ల, నా చేతులతోనే. చిన్నన్నయ్య ఒక్క రాయి ముట్టుకోలేదు. అవతల నిలబడి, నీళ్ళు పోవడానికి తన రెండు వరుసల ద్రాక్షతీగలు పీకేసి కాలువ తవ్వాడు. ముందే అడిగితే వద్దంటావని నిన్ను అడగలేదు. తిట్టాలనుకుంటే నన్నే తిట్టు.

ఒక చెట్టు దక్కలేదు. ఏడు చిగురు వేశాయి. వేళ్ళు కుదుటపడేదాకా ఎరువు వేయొద్దన్నాడు, వేయలేదు.

నిన్న చిన్నన్నయ్య అమ్మ దగ్గర కాఫీ తాగుతూ, నీ ఓడ పిరియస్ రేవుకు ఎప్పుడొస్తుందని అడిగాడు. చేపల ధర అడిగినంత మామూలుగా అడిగాడు గానీ, తేదీ సిగరెట్ పెట్టె మీద రాసుకున్నాడు. జూన్ పదకొండున రేవులో ఉంటాడు. వాడు ముందు మాట్లాడలేడు, నీకు తెలుసు. చూసీ చూడనట్టు దిగి వెళ్ళిపోకు. నువ్వే పలకరించు.

ఇట్లు,
చెప్పిన మాట వినని నీ చెల్లెలు,
మిర్సీని