ఆ నీళ్ళు పారబోయకండి

పటాన్‌చెరు

అత్తమ్మకు కోడలు శ్రీలత నమస్కరించి రాస్తున్నది.

ఫోన్లో మీ గొంతు వినగానే ఏడుపు ముంచుకొస్తుంది, చెప్పాల్సింది చెప్పలేను. అందుకే రాస్తున్నాను. మామయ్య చదివి వినిపిస్తారు. వచ్చే అమావాస్యకు దర్భలతో మీ అబ్బాయి బొమ్మ చేసి దహనం చేస్తారట. తర్వాత మా గది కడిగి, మైల అని ఇంట్లో నీళ్ళన్నీ పారబోస్తారట. బిందెలు, బకెట్లు మీ ఇష్టం. ఆయన గాజు పెట్టెలోని నీళ్ళు మాత్రం ముట్టుకోవద్దు.

మీరు దాన్ని చేపల తొట్టి అనుకుంటున్నారు. అందులో ఇంకా చేపలే లేవు. సముద్రంలో పెరిగే పగడాలను ఫోన్లో చూసి చూసి, ఈ కిరాయి గదిలో పెంచాలని ఆయన మనసు పడ్డారు. ఎన్నడూ సముద్రం చూడని మనిషికి ఇదేం పిచ్చి అని వెక్కిరించాను. "చిన్న పెట్టె, రెండే చేపలు. షిఫ్టులు చేసేటోనికి గింత అల్కటి పని ఇంకోటి లేదు" అన్నారు. ఫిల్టర్ నీళ్ళలో దానికోసమే అమ్మే ఉప్పు కొలిచి కలిపారు. చిన్న మోటారు పెట్టి, సముద్రపు రాళ్ళు పేర్చారు. చేపలెప్పుడని నేను తొందరపెడితే, "జెర ఓపిక పట్టు. రాళ్లల్ల కండ్లకు కనవడని జీవాలు పెరగాలె. నీళ్లు తయారు కాకముందే ఏస్తే చేపలు సస్తయి" అన్నారు. నీళ్ళు ఇంకా తయారు కాకముందే, ఆ పొద్దున షిఫ్టుకు వెళ్ళారు. ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలింది.

పోయిన మిగతావాళ్ళ ఇళ్ళకు ఒంట్లో దొరికిన ముక్క ఏదో ఒకటి చేతికిచ్చారు. మనకేమీ ఇవ్వలేదు. డీఎన్‌ఏ పరీక్షకు రక్తం తీసుకొమ్మని చెయ్యి చాపితే, భార్యది పనికిరాదు, కన్నతల్లిది కావాలన్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను కోస్తుంది అత్తమ్మా. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, ఆయన్ను గుర్తుపట్టడానికి పనికిరానా? పోనీ, మీ రక్తంతోనూ ఏదీ కలవలేదని మీరే చెప్పారు కదా. కలవకపోతే ఆయన లేరని ఎవరు చెప్పగలరు? దెబ్బకు మతి తప్పి ఏ ఆసుపత్రిలోనో ఉండవచ్చు.

పెట్టెలో నీళ్ళు తగ్గినప్పుడల్లా మంచినీళ్ళే పోస్తున్నాను. ఉప్పు ఆవిరి కాదు, మళ్ళీ ఉప్పునీళ్ళు పోయొద్దని ఆయనే చెప్పారు. కరెంటు పోతే మోటారు ఆగుతుందని ఇంటివాళ్ళ ఇన్వర్టరుకు కలిపించుకున్నాను. మొన్న ఒక రాయి మీద ఆకుపచ్చగా ఏదో విచ్చుకుంది. గోరంత పగడం. చూసి పిచ్చిదానిలా నవ్వాను. ఆయన వచ్చి చూడాలి. నేను బొట్టు తీయను, దహనానికి రాను. బలవంతం చేస్తే మీకు కనిపించకుండా ఎటైనా పోతాను.

మీ కోడలు,
శ్రీలత

లక్డారం

బిడ్డా శ్రీలతా, మీ అత్త మల్లమ్మ దీవెనలు. నేను చెప్తుంటె మీ మామ రాస్తున్నడు.

నీళ్లు పారబొయ్య. వాడు పోసినవి, ఉండనీ. బొట్టు గూడ నీ ఇష్టం. ఎవరన్న నోరు తెరిస్తె నేను చూసుకుంట. గానీ నీకాడ ఒక్కటి దాచిన. రక్తం ఇచ్చింది నేను గనుక కబురు నాకే వచ్చింది. కలిసింది బిడ్డా.

నీకు చెప్పాలె అన్నడు మీ మామ. నేనే వద్దన్న. వాళ్లు ఇచ్చింది నీ చేతుల పెట్టే ధైర్యం నాకు లేకపాయె. అంబులెన్సు బండిల పంపుతమన్నరు. ఊరు చూస్తది, నీకు తెలుస్తదని అదీ వద్దన్న. మంజీర ఒడ్డుకు మేమిద్దరమే పోయి కాల్చినం. నీకు కడసారి చూపు లేకుండ చేసినమని మనసు ఒప్పుకోలే. నీ కండ్ల ముందట వాన్ని ఇంకోసారి సాగనంపుదామనే ఆ దర్భ బొమ్మ.

మీ మామ ఇగ రాయనంటున్నడు. రాయమంటున్న. తెల్లగుడ్డల కట్టిచ్చిండ్రు బిడ్డా. పుట్టిననాడు నర్సమ్మ నా చేతుల పెట్టినప్పుడున్నంత బరువు గూడ లేదు. ఒళ్లె పెట్టుకొని సంగారెడ్డి బస్సుల కూసున్న. పక్క సీటామె, "భవానమ్మ గుడికి ఒడిబియ్యం తీస్కపోతున్నవా అక్కా?" అని అడిగింది. ఔనన్న. ఆమె ఆ మూటకు దండం పెట్టుకుంది.

నువ్వు వానికోసం ఎదురుచూడకు.

మీ అత్త,
మల్లమ్మ