తల్లుల ఇంటి సంగతి

రాయగడ,
శ్రీముఖ ఫాల్గుణ బహుళ పంచమి.

చిరంజీవి సౌభాగ్యవతి కుంతికి మీ అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా పసిదీ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ, అల్లుడు దాలయ్యా, నీ కడుపులో ఉన్నదీ ఆ కొరాపుట్టు చలిలో బాగుండాలని మజ్జిగౌరమ్మకు రోజూ చెప్పుకుంటున్నాను. నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఈసారి చింపను.

నువ్వు అడిగినవి ముందు చెప్తాను. నాన్న దగ్గు తగ్గింది. ఊరి బోర్డు వారి వీధి దీపాలన్నీ తనే తుడిచి తనే వెలిగించాలి కదా, ఆ కిరసనాయిలు పొగకే దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం కాచి ఇస్తే, "దీపాలకి నూనె, కన్నారావుకి కసాయం. రెండూ బోర్డోళ్ల ఖర్సే అయితే ఎంత బావున్ను" అన్నాడు. నవ్వాడు కూడా. ఆ ముఖం మీద నవ్వు చూసి చాలా రోజులైంది.

నువ్వు పంపిన కోట్‌పాడు గుడ్డ ముట్టింది. రంగు వేసేటప్పుడు పట్టించిన ఆముదం వాసన ఇంకా పోలేదు. పసిదాన్ని ఆ ఎర్రగుడ్డలో చుట్టి పడుకోబెడితే కాళ్లు కూడా కదపకుండా నిద్రపోతుంది. ఎవరి పోలిక అని అడిగావు. ఏమని చెప్పను, ఒక పోలిక మీద నిలబడదు. ఏడిస్తే మీ నాన్న. కోపం వస్తే నువ్వే. పాలు తాగి కళ్లు మూతలు పడేటప్పుడు మాత్రం మీ చెల్లెలు. నిద్రలో నవ్వుతుంది. పసివాళ్లను దేవతలు ఆడిస్తారంటారు. నాకు మాత్రం పుణ్యవతే వచ్చి ఆడిస్తున్నట్టు ఉంటుంది, అంచేత ఆ నవ్వు ఆగిపోయేదాకా ఊపిరి కూడా గట్టిగా తీయను. పేరింకా పెట్టలేదు. దాని నాన్న చిన్నబ్బాయి పర్వతీపురం రైలు గ్యాంగు పని నుంచి నెలకోసారి వస్తాడు. బిడ్డ పక్కన కూర్చుంటాడు. పేరు మాట ఎత్తడు. మేమూ ఎత్తం. గుంటా అని పిలుస్తున్నాం, పలుకుతుంది.

కార్తీకంలో దీన్ని కని పురిట్లోనే పుణ్యవతి పోయింది, ఇప్పటికి నాలుగు నెలలు. అయినా కనబడుతూనే ఉంది కుంతీ. ఈ ఇప్పపూలు రాలే రోజుల్లో మధ్యాహ్నం ఊరు ఊరంతా మగతగా ఉంటుంది. నాగావళి మీద ఎండ తెల్లగా పరుచుకుని, ఆ అవతల కొండలు నీళ్లలో నానబెట్టిన గుడ్డల్లా పలచబడిపోతాయి. విజయనగరం నుంచి వచ్చే రైలు ఎక్కడో కూస్తుంది. చేట ఒళ్లో పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంటాను. మన వీధిలోంచి పుణ్యవతి పోతూ ఉంటుంది. నిండు కడుపు, తడి జుట్టు, చేతిలో ఖాళీ గిన్నె. నేను పిలవను. పిలిస్తే ఉండదని తెలుసు. ప్రతిసారీ అది ఒకే దారిన పోతుంది, తల్లుల ఇంటి వైపు.

ఆ ఇల్లు నువ్వు కాపురానికి వెళ్లాక వచ్చింది, అందుకని నీకు సరిగా తెలియదు. సంతవీధి చివర పెంకుటిల్లు. రెండేళ్ల కిందట బోర్డు వారు అద్దెకు తీసుకుని, విశాఖపట్నం పెద్దాసుపత్రిలో పురుళ్ల పని నేర్చుకున్న మనిషిని జీతం మీద పెట్టారు. కాగితాల్లో దానికి పొడుగాటి పేరు ఏదో ఉంది. ఊరందరం తల్లుల ఇల్లు అంటాం. ఆ మనిషి పేరు దేముడమ్మ, నర్సు కాబట్టి నర్సమ్మ అనీ అంటారు. భీమిలి పల్లెకారుల పిల్ల, మొగుణ్ని సముద్రం తీసుకుపోయింది, ముప్పై ఏళ్లు ఉండవు. పసివాళ్లకు నీళ్లు పోయడం, బొడ్డు ఆరేదాకా చూసుకోవడం, తల్లికి పాలు లేకపోతే ఏం చేయాలో చేసి చూపిస్తుంది. సంత రోజున కొండల మీంచి కొందు ఆడవాళ్లు కూడా బిడ్డల్ని వీపుకు కట్టుకుని వస్తారు. ఒక తక్కెడ ఉంది, అందులో గుడ్డ వేసి బిడ్డల్ని తూస్తుంది. మొదట్లో "పిల్లలేటి, బెల్లవేటి?" అని తగువుకు పోయిన వాళ్లే ఇప్పుడు అరుగు మీద కూర్చుని, "మీవోడెంతున్నాడే?" "మీ గుంటకంటే గుప్పెడెక్కువే. దిట్టి పెట్టకు" అని వాదులాడుకుంటారు.

పుణ్యవతి కడుపుతో ఉన్నప్పుడు వారం వారం అక్కడికి పోయేది. వద్దంటే వినేది కాదు. పోయి వచ్చి, ఆమె ఏం చెప్పిందో నాకు చెప్పేది. నేను పొయ్యి ఊదుకుంటూ విన్నట్టు ఊకొట్టేదాన్ని.

అది పోయిన మూడో రోజున దేముడమ్మ మన ఇంటికి వచ్చింది. కాచిన పాలు, ఉగ్గుగిన్నె తెచ్చింది. ఆమె వేళకు రాలేదని, అందుకే పుణ్యవతి పోయిందని అప్పటికే ఊరంతా పాకిపోయింది. ఆ మాట ఆమె చెవినా పడే ఉంటుంది. గడప దగ్గర చెప్పులు విడిచి, నా ముఖం చూడకుండా, బిడ్డను ఒళ్లో వేసుకుని చుక్క చుక్క పట్టింది. ఆ రోజు నుంచి ఒక్క పూట తప్పలేదు. పసిది బతికి ఉందంటే ఆ పాల వల్లే.

నీ ఉత్తరంలో చివర ఏం రాశావు? "చెల్లి దగ్గరికి వేళకు రాని ఆ నర్సమ్మను మన గడప తొక్కనివ్వకు. ఏడో నెలలో నన్ను తీసుకుపో. నా పురుడు మన మంత్రసాని గురువమ్మ చేతి మీదే జరగాలి" అని రాశావు. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు. నీ భయం నాకు తెలుసు.

ఆ ఉత్తరం కొంగున ముడేసుకునే తల్లుల ఇంటికి పాలకు వెళ్లాను. దేముడమ్మ దేక్సా కింద నిప్పు సర్దుతోంది.

"కుంతి ఉత్తరం వచ్చిందంట గదా పిన్నీ. బావుందా? ఎన్నో నెల?"

"అయిదు."

"పురుడికి ఇక్కడికే తెస్తావు గదా?"

నేను గిన్నె ముందుకు జరిపాను. ఆమె పాల పొంగు ఊది చల్లార్చింది. తర్వాత, కోపం లేకుండా, పక్కింటి మనిషిని ఉప్పు అడిగినట్టుగా అంది: "నన్ను పిలవకపోయినా పర్లేదు పిన్నీ. నాను వచ్చినప్పుడు తలుపు మాత్రం తియ్యి."

కుంతీ, ఇది నీకు చెప్పడానికే ఇంత దూరం తిప్పి తిప్పి రాశాను. ఆమె వేళకు వచ్చింది. నేనే తలుపు తీయలేదు.

ఆ రోజు తెల్లవారేసరికి మీ చెల్లెలికి నొప్పులు. గురువమ్మను పెరటి దారిన పిలుచుకొచ్చాను. మీ ఇద్దరికీ బొడ్డు కోసిన చెయ్యి ఆమెది, ఆమెనేమీ అనకు, ఆమెకు తెలిసింది ఆమె చెప్పింది. "నొప్పులని ఎవుల్తోను అనకండి. ఎంతమంది సెవిన పడితే అన్ని గడియలు బిడ్డ ఎనక్కి పోద్ది" అంది. మా అమ్మా అదే అనేది. నేనూ అదే నమ్మాను. కాన్పు తేలిగ్గా కావాలని ఇంట్లో ముడులన్నీ విప్పాను. ట్రంకు పెట్టె తాళం తీశాను, ధాన్యం కుండల మూతలు తీశాను, పుణ్యవతి జడ విప్పాను, నా జుట్టూ విప్పుకున్నాను. ఇన్ని తెరిచి వీధి తలుపు గడియ పెట్టాను.

పొద్దెక్కాక దేముడమ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు. నెలలు నిండాయని లెక్క చూసుకుని తనంతట తనే వచ్చింది. తలుపు తట్టి, "పిన్నీ, పుణ్యవతెలా ఉంది?" అని అడిగింది. నేను లోపలి నుంచే, "పడుకుంది. నొప్పుల్లేవు, ఏవుల్లేవు. రేపు రా" అన్నాను. లోపల అది కొంగు నోట కుక్కుకుని ఉంది. నా వైపు చూసింది.

"అమ్మా, దేముడమ్మ గొంతుకేనా?"

"కాదే అమ్మి. పాలమనిషి."

నేను దానితో ఆడిన ఆఖరి అబద్ధం అదే. అది నమ్మిందో లేదో నాకు తెలియదు. కళ్లు మూసుకుంది.

మధ్యాహ్నం బిడ్డ బయటపడింది. నెత్తురు ఆగలేదు. గురువమ్మ చేతులెత్తేశాక అప్పుడు తల్లుల ఇంటికి పరుగెత్తాను. దేముడమ్మ చేతిలో పని వదిలేసి నాతో పరుగెత్తుకు వచ్చింది. బిడ్డను ఏడిపించింది. మీ చెల్లెల్ని ఆపలేకపోయింది. వాకిట్లో జనం మూగి, "నర్సమ్మ ఇప్పుడా రావడం?" అని ఎవరో అన్నారు. నేను అవునన్నాను. ఆ అవును ఎంత సులువుగా వచ్చిందో! బోర్డు గుమస్తా జోగయ్య ఆ నెలలోనే వచ్చి అడిగితే అదే చెప్పాను, అతను రాసుకుంటే కింద సంతకం పెట్టాను. మీ నాన్నకు కూడా అసలు సంగతి చెప్పలేదు. ఆయన అప్పుడు దీపాల నూనెకు స్టేషనుకు వెళ్లి ఉన్నాడు.

ఇప్పుడు ఆ కాగితం తల్లుల ఇంటి పీక మీదకు వచ్చింది. బోర్డు వారు ఇచ్చే డబ్బు ఈ ఏటితో సరి. పైఏటికి ఇవ్వాలా మానాలా అని మొన్న సోమవారం మీటింగు పెట్టారు. ఆ సంగతి ముందే మీ నాన్న చెప్పాడు. "బావి తవ్విస్తే పదిమందికీ కనబడుద్ది, పిల్లలకి నీళ్లు పొయ్యడానికి బోర్డు డబ్బేల అంటన్నారు. మన పుణ్యవతి కాయితం ఉంది గదా, తీసేస్తారు" అన్నాడు. పాల దేక్సా, తక్కెడ, దేముడమ్మ, అన్నీ పోతాయి. పసిది పోతుంది. నువ్వు గురువమ్మ చేతికి వస్తావు.

సోమవారం పసిదాన్ని నీ ఎర్రగుడ్డలో చుట్టుకుని బోర్డు ఆఫీసు మెట్లెక్కాను. ఎలా ఎక్కానో తెలియదు. కలలో నడిచినట్టే ఉంది. నా ముందు మెట్టు మీద తడి జుట్టుతో ఒకతె ఎక్కుతున్నట్టే ఉంది. లోపల బల్ల చుట్టూ అయిదుగురు పెద్దమనుషులు. జోగయ్య నా కాగితమే చదువుతున్నాడు. మీ నాన్న వరండాలో దీపం బుడ్లు తుడుస్తూ నన్ను చూసి నోరు తెరిచాడు.

"బాబూ, ఆ కాయితం నాదే. అది అబద్దం" అన్నాను.

ప్రెసిడెంటు గారు కళ్లజోడు తీశారు. "ఏటమ్మా, కార్తీకంలో ఓ మాటా, పాల్గునంలో ఓ మాటా?"

జరిగిందంతా చెప్పాను, నీకు రాసినట్టే, పాలమనిషి మాటతో సహా. పక్కనున్న ఒకాయన నవ్వి, "నర్సమ్మ నీకేటైనా పెట్టిందేటి?" అన్నాడు.

"పెట్టింది బాబూ. నాలుగు నెల్లుగా పాలు పెడతంది. ఇదిగో, తిన్నది ఈ గుంట" అని గుడ్డ విప్పి బల్ల మీద కాగితాల మధ్య పడుకోబెట్టాను. అది ప్రెసిడెంటు గారి కళ్లజోడు పట్టుకుంది, వదల్లేదు. ఆయనా లాక్కోలేదు. తర్వాత నన్ను బయట కూర్చోమన్నారు.

వరండాలో మీ నాన్న పక్కన కూర్చున్నాను. ఆయన ఒకే బుడ్డిని తుడిచిందే తుడుస్తున్నాడు. ఎంతసేపటికో, "నాకైనా సెప్పలేకపోయేవా?" అన్నాడు. నేను పసిదాన్ని మళ్లీ ఎర్రగుడ్డలో చుట్టాను. ఎండ వరండాలోంచి వీధిలోకి జారిపోయింది.

జోగయ్య వచ్చి చెప్పాడు: "ఆశ్వీజం దాకా డబ్బిస్తారంట. ఆ తరవాత మళ్లీ సూస్తారంట." అంతే, ఆరు నెలలు. నీకు ఆషాఢంలో నెలలు నిండుతాయి. లెక్క నువ్వే చూసుకో.

మీ నాన్న ఇప్పటికీ నాతో పొడి మాటలే మాట్లాడుతున్నాడు. ఈ ఉత్తరం రాయమన్నది మాత్రం ఆయనే. "బోర్డోళ్లకి సెప్పేవు. మరి కుంతికి?" అన్నాడు. దేముడమ్మను, నాలుగు నెలలు ఊరి మాటలు పడి ఎందుకు ఊరుకున్నావని అడిగాను. "నాను నోరిప్పితే ఊరు నీ మీద పడిపోద్ది గదా పిన్నీ. నువ్వు మంచం పడితే బిడ్డనెవరు సూస్తారు?" అని పాల గిన్నె నా చేతిలో పెట్టింది.

ఇది చదివి నువ్వు నా మొహం చూడనంటే, నేను కాదనను. కోపంగా ఉంటే కోపంతోనే రా. వైశాఖంలో మీ నాన్న మోటారులో వచ్చి తీసుకొస్తాడు, లక్ష్మీపురం ఘాటీ కొండ మలుపుల దగ్గర కుదుపు లేకుండా మెల్లగా పోనివ్వమని డ్రైవరుకు చెప్పుకుంటాడు. నా ఇంట్లో దిగడానికి మనసొప్పకపోతే నేరుగా తల్లుల ఇంట్లోనే దిగు. దేముడమ్మతో చెప్పి ఉంచాను. నేను ఆ అరుగు మీదే పడుంటాను. గురువమ్మ కూడా వస్తుంది, నీ నడుముకు నూనె రాయడానికి. ఆమే అడిగింది.

నీకు మొదటి నొప్పి వచ్చిన గడియలోనే నేను సంతవీధిలోకి పోయి నిలబడి నోరెత్తి అరుస్తాను కుంతీ. నా కూతురికి నొప్పులు మొదలయ్యాయని కూరలమ్మేవాళ్లకు, బండివాళ్లకు, కొండమనుషులకు, బోర్డు ప్రెసిడెంటుకు అందరికీ చెప్తాను. ఎంతమంది చెవిన పడితే అంతమంది రానీ. దేముడమ్మ ఏ ఇంట్లో ఏ బిడ్డకు నీళ్లు పోస్తున్నా వినబడేటట్టు అరుస్తాను.

ఇట్లు,
నీకూ పుణ్యవతికీ
అమ్మ.