పర్సోం పరీక్ష

భన్‌పురి, రాయపూర్
ఆగస్టు 2021, శనివారం

సౌభాగ్యవతి సూరమ్మకు,

నీ భర్త చిన్నారావు ఆశీర్వదించి రాసే ఉత్తరం. ఇక్కడ నేను, మన మాలతి, అల్లుడు గిరిధర్ దగ్గూ జ్వరం లేకుండా ఉన్నాం. అక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో నువ్వు, హరీష్, కోడలు రాజశ్రీ, చంటిది కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. ఫోన్లో నేను ఒకటి చెబితే నీకు ఇంకొకటి వినపడుతోంది గనక కాగితం మీద పెడుతున్నాను. మాలతి దీన్ని ఫోటో తీసి హరీష్‌కి పంపుతుంది. ఫోను వాడి చేతిలోంచి తీసుకుని నువ్వే చదువుకో. కొన్ని సంగతులు వాడికి అక్కర్లేదు.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. రాత్రిపూట అన్నమే తింటున్నాను. మాలతి రొట్టెలు చేసిన రోజు నా వాటా గిరిధర్‌కి పోతుంది. సిల్తారా ఫ్యాక్టరీలో వాళ్ళిద్దరి డ్యూటీలూ మామూలయ్యాయి. రెండో టీకా వేయించుకున్నాను, చెయ్యి ఒక్కరోజు నొప్పి పెట్టింది. నీ కరివేపాకు మొక్క బతికే ఉంది. పక్కింటి అన్నమ్మ రోజూ నీళ్ళు పోసి ఆకు కోసుకుపోతోంది. పొయ్యడం కన్నా కొయ్యడమే ఎక్కువ.

ఇక ఆపరేషన్ సంగతి. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు ఇంక మందులకు లొంగవని, మంగళవారం తీసేస్తానని డాక్టరు చెప్పాడని హరీష్ అన్నాడు. ఆ రోజు తప్పితే ఆయన సెలవు మీద వెళ్ళిపోతాడట. ఈ నెల్లో నొప్పి వచ్చి రెండుసార్లు నిన్ను ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారట. అయినా నువ్వు, "మా ఆయన వచ్చేదాకా నేను బల్ల ఎక్కను" అని డాక్టరు మొహానే చెప్పావట. ఆయన నవ్వాడట. నాకు నవ్వు రాలేదు.

పోయిన వారం శుక్రవారం విమానం వానకి రద్దయిందని నీకు చెప్పించాను. హరీష్ ఆఫీసు కుర్రాడు తరుణ్ అదే విమానంలో రాయపూర్ నుంచే వచ్చి దిగాడనీ, వాన మీ ఒక్కరి మీదే ఎలా కురిసిందనీ నువ్వు అడిగావు. వాన లేదు సూరమ్మా. విమానం వెళ్ళింది. నేనే వెళ్ళలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆ ముందు శనివారం భన్‌పురి బజారులో ఉచితంగా కరోనా పరీక్షలు చేశారు. ముక్కులో పుల్ల పెట్టారు, టీ తాగి వచ్చేసరికి నెగెటివ్ అని ముద్ర వేసి కాగితం ఇచ్చారు. దాన్ని టికెట్టుతో పాటు దాచాను. సోమవారం మాలతి పండరీలో ల్యాబుకి వెళ్ళి, విమానానికి పరీక్ష ఎప్పటిది కావాలో కనుక్కుంది. వచ్చి చెప్పులు విప్పుతూనే, "నాన్నా, పర్సోం టెస్ట్ అయితే చలేగా అంట. టెన్షన్ లేదు," అంది.

మన పిల్ల ఇక్కడే పుట్టింది. దానికి మొన్న, ఎల్లుండి రెండూ పర్సోమే. బుధవారం వెళ్ళి చేయించుకోమని అది చెప్పింది. మొన్నటి పరీక్ష సరిపోతుందని నేను విన్నాను. గురువారం డ్యూటీ నుంచి వచ్చి, "రిపోర్ట్ వచ్చిందా?" అంది.

"ఎప్పుడో వచ్చింది."

"నెగెటివా?"

"నెగెటివే."

ఇద్దరం నిజమే చెప్పుకున్నాం.

ఎయిర్‌పోర్టులో కౌంటరు దగ్గర అమ్మాయి కాగితం చూసి, "అంకుల్‌జీ, యే తో యాంటిజెన్ హై," అంది. పోర్ట్ బ్లెయిర్‌కి ఆర్టీపీసీఆర్ కావాలట, అదీ బయల్దేరే ముందు రెండు రోజుల లోపుదట. నెగెటివ్ అని రాసి ఉంది కదమ్మా అన్నాను. "నెగెటివ్ హై, పర్ వో వాలా నహీఁ," అంది. ముక్కు అదే, పుల్ల అదే, పరీక్ష మాత్రం వేరట. బయటికొచ్చాక మాలతి నా మీద విరుచుకుపడింది.

"మొన్నటిదని నీకెవలు సెప్పారు నాన్నా?"

"నువ్వే సెప్పేవు. పర్సోం అన్లేదేటి?"

"పర్సోం అంటే ఎల్లుండి!"

"మొన్న కాదేటి?"

"అదీ అవును," అంది మాలతి. గిరిధర్ నవ్వాపుకోలేక కారు తియ్యడానికి వెళ్ళిపోయాడు.

ఇక్కడి నుంచి హరీష్‌ని చదవనివ్వకు. కౌంటరు దగ్గర ఆ అమ్మాయి కుదరదన్నప్పుడు నాకు సగం బాధ వేసింది. మిగతా సగం హాయిగా ఉంది. ఈ ఉత్తరం ఫోటో తీసేదాకా ఆ సగం మాలతికి కూడా తెలియదు. ఏప్రిల్‌లో జోగయ్య బావను ఆస్పత్రిలో చేర్పించి తలుపు బయట కూర్చున్నవాణ్ణి నేనే. తలుపు తీసి నా చేతికి ఆయన బట్టల సంచి ఇచ్చారు. నీకు ఆపరేషన్ అనగానే నాకు ఆ తలుపే కనిపించింది. వాన అబద్ధం మాలతి కల్పించలేదు, నేనే చెప్పించాను. సిగ్గుపడి కాదు, నువ్వు ఇంకో తేదీ అడిగితే బాగుండునని.

నీ ఉత్తరం బుధవారం అందింది. మీరు లేకుండా ఆ గదిలోకి వెళ్ళడానికి భయంగా ఉందని రాశావు. ఇన్నేళ్ళలో నువ్వు ఆ మాట అనగా నేను వినలేదు. భయం ఇద్దరికీ ఉన్నప్పుడు చెరో చోట కూర్చుని భయపడటం దేనికనిపించింది. వెంటనే మాలతి చేత కొత్త టికెట్టు తీయించాను.

నిన్న పండరీ ల్యాబుకి నేనే వెళ్ళాను. ఏ పరీక్ష కావాలో, ఎప్పుడు బయల్దేరుతున్నానో మూడుసార్లు చెప్పాను. కుర్రాడు విసుక్కుని, "కకా, సమఝ్ గయా, ముఁహ్ ఖోలో," అన్నాడు. నోరు తెరిస్తే గొంతులో ఒక పుల్ల, ముక్కులో ఒకటి పెట్టాడు. రైలు గార్డు ఉద్యోగంలో ఎన్నో సొరంగాలు దాటాను గానీ నాలోనే ఇంత పొడుగుది ఉందని తెలియదు. కళ్ళ నీళ్ళు చూసి, "రో రహే హో క్యా?" అన్నాడు. ఏడుపు కాదు, తుమ్ము వస్తోందన్నాను.

ఇది రాస్తుండగానే మాలతి ఫోను పట్టుకుని వచ్చింది. నెగెటివ్. ఆర్టీపీసీఆర్. పేరు, వయసు, నిన్నటి తేదీ, అన్నీ నేను కళ్ళజోడు పెట్టుకుని చదివాను. రేపు ఉదయం విమానం. కలకత్తాలో మారి మధ్యాహ్నానికి అక్కడుంటాను.

మంగళవారానికి డాక్టరుకి సరేనని చెప్పు. ఆస్పత్రిలో రోగితో ఒక్కరినే ఉండనిస్తారనీ, తాను ఉంటాననీ హరీష్ అన్నాడు. వాణ్ణి ఇంటి దగ్గర చంటిదాన్ని చూసుకోమను. ఆ ఒక్కరి పేరు దగ్గర నా పేరు రాయించు.

ఇట్లు,
నీ భర్త
చిన్నారావు