మిద్దె తాళంచెవి

నైరోబి,
బుధవారం.

కిప్రోటిచ్ గారికి,

ఫోన్ చేస్తే మీరు తీయడం లేదు. తీయకపోవడం న్యాయమే. అందుకే ఈ ఉత్తరం వాచ్‌మన్ చేతికిచ్చి పంపుతున్నాను.

మా ఇంట్లో ఇంటర్నెట్ ఉండుండి ఆగిపోతోందని మీరు బాగుచేయడానికి నాలుగుసార్లు వచ్చారు. వచ్చినప్పుడల్లా అది బాగానే ఉండేది. "వాంజా అమ్మగారూ, ఇంట్లో లోపం లేదు. కేబుల్ మిద్దె మీదుగా వస్తోంది కదా, ఒక్కసారి తాళంచెవి ఇవ్వండి" అన్నారు మీరు. "ఇస్తాను, ఇస్తాను! ఆరేసిన బట్టలు మాయమయ్యేది ఇలాగే" అని ఎద్దేవా చేశాను నేను, ఇరుగుపొరుగు వింటుండగా. తాళంచెవి ఇవ్వనేలేదు. పైగా మీకు పని రాదని ఆఫీసుకు రాశాను.

పోయిన సోమవారం, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద వీడియోలో కోర్టు విచారణ జరిగింది. మా అమ్మాయి వాంజా ఇప్పుడు మొంబాసాలో వాళ్ల నాన్న దగ్గరుంది. "బిడ్డను మీరు చూసుకోగలరా?" అని జడ్జిగారు అడుగుతుండగానే తెర ఆగిపోయింది. జవాబు చెప్పకుండా లేచి వెళ్లిపోయానని రాసుకున్నారు.

ఇవాళ తడి దుప్పట్లు ఆరేసి కిందికి వచ్చేసరికి ఇంటర్నెట్ మళ్లీ ఆగింది. పైకి పరుగెత్తాను. తాడు చాలదని నేను ఎప్పుడూ దుప్పట్లు వేసేది మీ కేబుల్ మీదే. ఇన్నాళ్లూ అవి ఆరి, బరువు తగ్గాక మీరు వచ్చేవారు. ఈసారి అతుకే ఊడిపోయింది.

మీ ఆఫీసుకు నిజం రాసి పంపాను.

రేపు పదకొండింటికి మళ్లీ విచారణ. జడ్జిగారు అదే ప్రశ్న అడుగుతారు. దయచేసి పదింటికల్లా రండి. మిద్దె తాళంచెవి ఈ కవరులోనే పెట్టాను. నా దగ్గరున్నది ఇదొక్కటే.

ఇట్లు,
వాంజా అమ్మ